3 దీనార్ల 750 ఫిల్సులు

కువైట్‌లో సాయంత్రం 6:30 అయ్యేసరికి భీమవరం దగ్గరి మా ఊళ్ళో రాత్రి 9 గంటలవుతుంది. నేను ఇక్కడికి వచ్చిన 2009 నుంచి నా రోజంతా ఆ ఒక్క వేళ చుట్టూనే తిరుగుతోంది. మంగాఫ్‌లో మా గదిలో ఆరుగురం ఉంటాము కనుక, డ్యూటీ నుంచి వచ్చి కాళ్ళూ చేతులూ కడుక్కున్న వెంటనే ఫోనూ బైబిలూ పట్టుకుని డాబా మీదికి వెళ్ళే మెట్ల మీద కూర్చుంటాను. చలికాలంలో ఇంచుమించు ఆ వేళకే పక్కనున్న మసీదు నుంచి ఇషా నమాజుకు పిలుపు వినిపిస్తుంది. మా అమ్మాయి చిన్నప్పుడు ఫోనులో ఆ పిలుపు వినపడగానే "నాన్న మెట్ల మీదికొచ్చేశాడు" అంటూ వెళ్ళి చాప పరిచేది. అక్కడ ముగ్గురు, ఇక్కడ నేనొక్కణ్ణి. ఇదే మా కుటుంబ ప్రార్థన.

నేను బయలుదేరేనాటికి మా అబ్బాయికి రెండేళ్ళు. భార్యాపిల్లలను ఇక్కడికి తెచ్చుకోవాలంటే జీతం ఒక హద్దు దాటి ఉండాలి. ఆ హద్దు 2016లో 450 దీనార్లకు, 2024 జనవరిలో 800 దీనార్లకు పెరిగింది. నా జీతం ఏనాడూ దాని దరిదాపులకు రాలేదు. కాబట్టి రెండేళ్ళకోసారి వచ్చే సెలవులో తప్ప నేను పిల్లలకు గొంతుగానే తెలుసు, ఆ తరువాత ఇమో వీడియో కాల్ వచ్చాక చిన్న తెరలో ముఖంగా తెలుసు.

మాది లూథరన్ కుటుంబం. అమెరికా మిషనరీ హయ్యరు గారు 1842లో గుంటూరుకు వచ్చి మొదలుపెట్టిన పని నుంచి పెరిగిన సంఘాలలో పుట్టి పెరిగిన మాబోటి వాళ్ళకు, విశ్వాసాన్ని సంఘం ముందు సొంతంగా ఒప్పుకునేందుకు సిద్ధపరిచే కన్ఫర్మేషన్ తరగతులలో మార్టిన్ లూథరు గారి చిన్న ప్రశ్నోత్తరి కంఠస్థం చేయించేవారు. 1529లో రాసిన ఆ చిన్న పుస్తకంలో పది ఆజ్ఞలైనా, విశ్వాస ప్రమాణమైనా, పరలోక ప్రార్థన అయినా, ఇంటి యజమాని తన ఇంటివారికి దీనిని సులువుగా ఇలా నేర్పవలెను అన్న మాటతోనే మొదలవుతుంది. పాస్టరు గారు నేర్పాలని కాదు, సండే స్కూలు టీచరమ్మ నేర్పాలని కాదు, ఇంటి తండ్రే నేర్పాలని. మా నాన్నగారికి అక్షరం ముక్క రాకపోయినా కీర్తనలు మాత్రం నోటికి వచ్చు. పొలం నుంచి వచ్చి ఎంత అలసి ఉన్నా, అన్నం తినక ముందు మమ్మల్నందరినీ లాంతరు చుట్టూ కూర్చోబెట్టి ఒక కీర్తన ఎత్తుకునేవారు. నాకు తెలిసిన తండ్రిరికం అంతా ఆ లాంతరు దగ్గరే ఉంది.

అందుకే బైబిలులోని ద్వితీయోపదేశకాండము ఆరవ అధ్యాయం నన్ను చాలాకాలం బాధపెట్టింది. దేవుని మాటలను పిల్లలకు నేర్పుతూ, "నీ యింట కూర్చుండునప్పుడును త్రోవను నడుచునప్పుడును పండుకొనునప్పుడును లేచునప్పుడును" వాటిని గూర్చి మాట్లాడాలని అక్కడ ఉంది. ఈ నాలుగింటిలో ఒక్కటైనా నాకు లేదు. నా ఇంట నేను కూర్చోవడం లేదు, వాళ్ళ వేలు పట్టుకుని దారిన నడవడం లేదు, వాళ్ళు పడుకునేటప్పుడూ లేచేటప్పుడూ పక్కన లేను. ఈ లోటును మాటలతో పూడ్చవచ్చునని నేను అనుకున్నాను, నా మొదటి పొరపాటు అదే.

ఫోను చేయగానే ఈ వారం కంఠత వాక్యం చెప్పమనేవాణ్ణి, ఆదివారం గుడికి ఎన్ని గంటలకు వెళ్ళారని, ప్రసంగ పాఠం ఏమిటని, కానుక వేశారా అని వరుసగా అడిగేవాణ్ణి. అబ్బాయి తడబడితే గొంతు పెంచేవాణ్ణి. కొన్నాళ్ళకు 9 గంటలయ్యేసరికి వాడికి నిద్ర ముంచుకురావడం మొదలైంది. ఒకరోజు నా భార్య పిల్లలు వినకుండా పెరట్లోకి వెళ్ళి, "ఏవండీ, మీరేమీ అనుకోకండి, మీ ఫోను వస్తోందంటే వాడికి ఇన్‌స్పెక్టరు బడికి వస్తున్నట్టు ఉంటోంది" అంది. నాకు కోపం వచ్చింది. ఎండలో, దుమ్ములో ఇంత కష్టపడుతున్నది ఎవరికోసమని అడిగాను. ఆమె జవాబు చెప్పలేదు. పిల్లల మనస్సు క్రుంగకుండునట్లు వారికి కోపము పుట్టింపకుడని తండ్రులకు పౌలు కొలొస్సయులకు రాసిన మాట నాకు తెలియనిది కాదు. అదే వారం మెట్ల మీద కూర్చుని వాళ్ళకే దానిని చదివి వినిపించి కూడా అది నా గురించేనని తెలుసుకోలేకపోయాను.

నేను ఒక మెయింటెనెన్సు కంపెనీలో స్టోర్‌కీపర్‌ని. చేతి తొడుగులు, టేపులు, బ్యాటరీలు, టార్చిలైట్లు, తుడిచే గుడ్డల కట్టలు, కంపెనీ పేరు అచ్చువేసిన పెన్నులు, ఇవన్నీ నా చేతి మీదుగానే సైటుకు వెళ్తాయి. సెలవుకు వెళ్ళే ముందు అట్టపెట్టె కట్టేటప్పుడు బట్టల మధ్య ఖాళీలలో వీటిలో కొన్ని సర్దుకోవడం మా దగ్గర ఎవరికీ వింత కాదు. నేనూ అలాగే సర్దేవాణ్ణి. దానిని దొంగతనమని ఎవరైనా అంటే ఆ రోజుల్లో నాకు నిజంగానే అర్థమయ్యేది కాదు. ఓవర్‌టైము సరిగా కట్టరు కదా, మనకు రావలసిన దానిలో ఇదెంత అని ఒక లెక్క మనసులో ఉండేది.

2016లో సెలవుకు వెళ్ళినప్పుడు అబ్బాయికి తొమ్మిదేళ్ళు. ఆదివారం ఆరాధనకు ముందు సండే స్కూలు జరుగుతుంటే నేను వెనక బల్ల మీద కూర్చున్నాను. మా వాడు జేబులోంచి కట్ట తీసి తరగతిలోని పిల్లలందరికీ ఒక్కొక్క పెన్ను పంచాడు. నీలం రంగు పెన్నులు, పక్కన అరబ్బీలోనూ ఇంగ్లీషులోనూ కంపెనీ పేరు. "మా నాన్న స్టోరులోవి. అక్కడ బోలెడున్నాయి, మా నాన్న ఎన్ని కావాలంటే అన్ని తీసుకోవచ్చు" అని వాడు గొప్పగా చెప్పుకున్నాడు. టీచరమ్మ ఒక పెన్ను చేతిలోకి తీసుకుని ఆ పేరు చదివింది. ఒక్క క్షణం నా వైపు చూసి, ఏమీ అనకుండా దానిని పిల్లవాడికి ఇచ్చేసి పాఠం మొదలుపెట్టింది.

ఆమె ఏమైనా అని ఉంటే నేను సమాధానం చెప్పుకుని ఉండేవాణ్ణి. నా కొడుకు ముఖంలోని ఆ సంతోషానికి మాత్రం నా దగ్గర సమాధానం లేకపోయింది. నేను వారం వారం ఫోనులో అప్పజెప్పించుకున్న వాక్యాలలో వాడు ఎన్ని గుర్తుంచుకున్నాడో తెలియదు గానీ, నాన్నకు ఎన్ని కావాలంటే అన్ని తీసుకోవచ్చునన్న సంగతి మాత్రం నేను నేర్పకుండానే నేర్చుకున్నాడు. మా ప్రశ్నోత్తరిలో "దొంగిలకూడదు" అన్నది ఏడవ ఆజ్ఞగా వస్తుంది. పొరుగువాని సొమ్ము తీసుకోకపోవడం ఒక్కటే కాదు, అతని ఆస్తినీ జీవనాన్నీ కాపాడడంలో తోడ్పడాలి అని దాని అర్థం చెబుతుంది. ఇతరుల సామాను కాపాడడమే ఉద్యోగంగా ఉన్నవాడికి ఇంతకంటె సూటిగా చెప్పే మాట ఉండదు. పదమూడేళ్ళప్పుడు దానిని గడగడా అప్పజెప్పి పాస్టరు గారి మెప్పు పొందినవాణ్ణి నేను.

ఆ రాత్రి ఇంట్లో చెప్పలేకపోయాను. మిగిలిన సెలవంతా చెప్పలేకపోయాను. తిరిగి వచ్చి మూడు వారాలు గడిచాక, మా స్టోరు ఇన్‌ఛార్జి దగ్గరికి వెళ్ళాను. ఆయన ఈజిప్టు దేశస్థుడు, అరల వెనక చాప పరుచుకుని వేళ తప్పకుండా నమాజు చేసుకునే మనిషి. స్టోరులోని ఫోటోకాపీ కాగితం మీద తన సొంత లెక్క రాసుకోవడం కూడా నేను ఏనాడూ చూడలేదు. నవ్వేస్తాడనో, ఉద్యోగం పోతుందనో రెండు భయాలూ నాకు ఉన్నాయి. వచ్చీరాని అరబ్బీలో, ఇంగ్లీషులో అంతా చెప్పాను. ఆయన నవ్వలేదు. రిజిస్టరు తీసి, గుర్తున్నవన్నీ చెప్పమన్నాడు. పెన్నులు, బ్యాటరీలు, టేపు చుట్టలు, రెండు టార్చిలైట్లు, అన్నిటికీ కొనుగోలు ధర వేసి కూడితే 3 దీనార్ల 750 ఫిల్సులు అయింది. ఆ రోజు మారకంలో ఎనిమిది వందల రూపాయల పైచిలుకు. డబ్బు కట్టించుకుని, రసీదు రాసి ఇచ్చి, "నీకు పిల్లలున్నారు కదా" అని మాత్రం అన్నాడు. నా విశ్వాసం వేరు, ఆయన విశ్వాసం వేరు. అయినా ఆ రోజు దేవుని భయం అంటే ఏమిటో ఆయన బల్ల దగ్గర నిలబడి నేర్చుకున్నానని చెప్పడానికి నాకు సంకోచం లేదు.

ఆ సాయంత్రం వాక్యం అడగలేదు. "నాన్నా, నేను నీకొక సంగతి చెప్పాలి" అని మొదలుపెట్టి, ఆ పెన్నులు నావి కావని, అడగకుండా తెచ్చానని, అది తప్పని, వెళ్ళి ఒప్పుకుని డబ్బు కట్టానని అబ్బాయికి చెప్పాను. తండ్రి స్థానం నుంచి దిగజారిపోతానని భయపడుతూనే, నన్ను క్షమించమని కూడా అడిగాను. అటువైపు చాలాసేపు మాట లేదు. లైను తెగిపోయిందేమో అనుకున్నాను. చివరికి వాడు, "మరి నేను పంచేసిన పెన్నులు మళ్ళీ అడిగి తీసుకోవాలా?" అని అడిగాడు. డబ్బు కట్టేశాము కనుక అవి ఇప్పుడు మనవేనని, ఇచ్చినవి ఇచ్చినట్టే ఉంచవచ్చునని చెప్పాను. వాడు "అమ్మయ్య" అని గట్టిగా ఊపిరి వదలడం ఇక్కడిదాకా వినిపించింది.

అప్పటి నుంచి మా ప్రార్థనలో ఒక పద్ధతి మారింది. ముందు నా రోజు నేను చెబుతాను. ఎవరి మీద విసుక్కున్నానో, ఎక్కడ నిజం దాచబోయానో, ఏ భయంతో పడుకోబోతున్నానో చెబుతాను. పిల్లలకు చెప్పవలసినంత మట్టుకే చెబుతాను. ఆ తరువాత వాళ్ళు తమ రోజు చెబుతారు, లేదా చెప్పరు, నేను గుచ్చిగుచ్చి అడగను. వాక్యం చదవడం వంతులవారీగా సాగుతుంది. ఈ పద్ధతికి నా భార్య ప్రాణం పోసింది. నేను 15 నిమిషాలు మాట్లాడి ఫోను పెట్టేస్తే మిగిలిన రోజంతా వాళ్ళ ముందు బ్రతికి చూపించేది ఆమే కనుక, గల్ఫులో ఉన్న మాబోటి తండ్రులు మంచి పిల్లలను పెంచామని చెప్పుకునేటప్పుడు ఆ మాటలో సగానికంటె ఎక్కువ భార్యలకు చెందుతుంది.

శుక్రవారం ఇక్కడ సెలవు కాబట్టి ఆరాధనకు కువైట్ సిటీలోని నేషనల్ ఎవాంజెలికల్ చర్చి ఆవరణకు వెళ్తాము. అమెరికన్ మిషను వారు ఆసుపత్రి పనితో వచ్చి పాదుకొల్పిన సంఘం అది, పాత గుడి 1931 నాటిది. ఒకే ఆవరణలో ఒక గదిలో తెలుగు, పక్క గదిలో మలయాళం, ఆ పక్కన అరబ్బీ, ఫిలిప్పీను వారి పాటలు ఒకేసారి వినిపిస్తాయి. మన సమయం అయిపోగానే తరువాతి భాషవారు గుమ్మంలో నిలబడి ఉంటారు, ఆఖరి కీర్తన పాడుకుంటూనే కుర్చీలు సర్దుతాము. అక్కడికి రాలేనివారు ఎందరో ఉన్నారు. ఇళ్ళలో పనిచేసే మన ఆడవాళ్ళకు 2015 నాటి చట్టం వారానికి ఒక రోజు సెలవు ఇచ్చినా, ఆ రోజును అనేకమంది ఇంకా చూడలేదు. కోనసీమ నుంచి, కడప జిల్లా నుంచి పిల్లలను భర్తలకు అప్పగించి వచ్చిన ఆ తల్లుల ప్రార్థన మనవులు విన్నప్పుడు నా కడుపు తరుక్కుపోతుంది. తాము పంపిన డబ్బు తాగుడుకు కాకుండా చూడమని, రాత్రి పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకునే మనసు తమ భర్తలకు ఇమ్మని వాళ్ళు అడుగుతారు. ఇంట్లోనే ఉండి, పిల్లల పక్కనే పడుకునే భాగ్యం ఉండి కూడా దానిని చేజార్చుకుంటున్న తండ్రులను తలుచుకుంటే నాకు బాధ ఆగదు.

ఆ శుక్రవారం కూటాలలోనే ఒక పెద్దాయన యోబు మొదటి అధ్యాయం చెప్పగా విన్నాను. యోబు పిల్లలు పెద్దవారై ఎవరి ఇళ్ళలో వారు విందులు చేసుకుంటున్నారు, వాళ్ళేమి చేస్తున్నారో తండ్రి కంటికి కనపడదు. అయినా ఆయన వేకువనే లేచి ఒక్కొక్కరి పేరున బలి అర్పించేవాడు, నిత్యమూ ఆలాగున చేసేవాడు. ద్వితీయోపదేశకాండము చదివి కుమిలిపోయిన నాకు ఆ మాట ఊపిరి పోసింది. ఆ మరునాటి నుంచి కంపెనీ బస్సు రాకముందు, 4 గంటలకు లేచి, ఇద్దరి పేర్లూ విడివిడిగా పలికి ప్రార్థిస్తున్నాను. ఇద్దరికీ కలిపి ఒక్క మాటలో ముగించను.

ఇప్పుడు అబ్బాయి కాకినాడలో హాస్టల్లో ఉండి ఇంజనీరింగు చదువుతున్నాడు. రాత్రి 9 గంటలకు వాడి ఫోను కూడా కలుస్తుంది. అమ్మాయి ఈ ఏడాది కన్ఫర్మేషన్ తరగతులకు వెళ్తోంది. మొన్న ఏడవ ఆజ్ఞ చదివి, "ఇందుకు అర్థమేమి?" అన్న ప్రశ్న దగ్గర ఆగి, నాన్నా, కాపాడడమంటే ఏమిటని అడిగింది. నేను నోరు తెరిచేలోగా కాకినాడ నుంచి అబ్బాయి, "నువ్వు అప్పటికి చిన్నదానివి, నీకు తెలియదు. పెన్నుల సంగతి చెప్పండి నాన్నా" అన్నాడు. ఇన్నేళ్ళుగా వాడు దానిని చెల్లెలికి చెప్పలేదని, నేనే చెప్పుకోవాలని నాకోసం ఉంచాడని అప్పుడు తెలిసింది. మెట్ల మీద కూర్చుని మొదటి నుంచి మొత్తం చెప్పాను. రసీదు మీద 3 దీనార్ల 750 ఫిల్సులు అని ఉన్న సంగతి దగ్గరికి వచ్చేసరికి నా భార్య లోపలికి వెళ్ళి, ఆ కాగితాన్ని తన బైబిలులోంచి తీసుకువచ్చి అమ్మాయికి చూపించింది.