కాళ్ళ నొప్పి కెమెరాకి చూపించడం

మా వాడికి ఆరేళ్ళు. పగలంతా గెంతులే, రాత్రి పడుకున్న గంటకి మాత్రం "అమ్మా, కాళ్ళు" అని ఏడుపు. పిక్కలు, తొడలు, ఒక్కోసారి మోకాళ్ళ వెనక. కాసేపు పిసికితే నిద్రపోతాడు, పొద్దున లేచి ఏమీ జరగనట్టే పరుగెడతాడు. వారంలో రెండు మూడు రాత్రులు ఇలాగే అయ్యేసరికి నాకు టెన్షన్ మొదలైంది. పగలు ఆసుపత్రికి తీసుకెళ్తే అక్కడ చూపించడానికి నొప్పే ఉండదు కదా అని వీడియో కాల్ బుక్ చేశాను.

మొదటి కాల్ పాడుచేసింది నేనే. రాత్రి పూట, లైటేమో మా వెనక, వాడు దుప్పటి కప్పుకుని నా ఒళ్ళో, నేనేమో గుక్క తిప్పుకోకుండా చెబుతూనే ఉన్నాను. డాక్టర్‌గారు ఓపిగ్గా విన్నారు. "మీరు చెప్పింది అర్థమైందమ్మా, కానీ పిల్లాడే నాకు కనిపించలేదు. రేపు వెలుతురులో, నిక్కరు వేసి, ఫోన్ కింద గోడకి ఆనించి పెట్టి చేయండి" అన్నారు.

మర్నాడు ఆవిడ నాతో మాట్లాడింది తక్కువ. "ఎక్కడ నొప్పి నాన్నా, ఒక్క వేలితో చూపించు" అంటే వాడు రెండు అరచేతులతో రెండు పిక్కలూ రుద్ది చూపించాడు. ప్రతిసారీ ఒకే కాలు, ఒకే చోటు చూపిస్తే కంగారు పడాలట, వీడిలా అంతా రుద్దేస్తే కాస్త నయమట. తర్వాత గది ఆ చివరిదాకా నడక, మునివేళ్ళ మీద, మడమల మీద, గొంతుక్కూర్చుని లేవడం. నేల మీద నుంచి లేచేటప్పుడు తొడల మీద చేతులు ఆనించి పాక్కుంటూ లేస్తున్నాడేమో అని ప్రత్యేకంగా చూశారు, అలా లేస్తే కండరాల బలం తగ్గిందని అనుమానించాలి కాబట్టి. మోకాళ్ళూ చీలమండలూ పక్కపక్కన పెట్టించి వాపు ఉందేమో చూశారు. ఆ పైన నా చేత పిక్కలు, మోకాళ్ళు నొక్కించారు. "మీరు కాలు చూడకండి, వాడి మొహం చూడండి" అన్నారు. ఇన్నాళ్ళూ నేను నొక్కుతూ "నొప్పా, నొప్పా" అని అడిగేదాన్ని, వాడు నా మొహం చూసి అవునో కాదో చెప్పేవాడు!

జ్వరం, బరువు తగ్గడం, కుంటడం, పొద్దున లేవగానే కీళ్ళు బిగుసుకుపోవడం, ఒంటి మీద దద్దుర్లు, ఇవేవీ లేవు. పెరిగే నొప్పులన్నారు. మూడేళ్ళ నుంచి పన్నెండేళ్ళ లోపు పిల్లల్లో మామూలేనట. పేరు చూసి ఎముకలు సాగుతున్నాయేమో అనుకున్నాను గానీ, పెరుగుదల వల్లే వస్తాయనడానికి ఆధారం లేదట. మరి ఆ పేరెందుకు పెట్టారో.

మందు దగ్గర మళ్ళీ తడబడ్డాను. పారాసిటమాల్ వయసుని బట్టి కాదు, బరువుని బట్టి, కిలోకి 15 మిల్లీగ్రాముల దాకా ఒక డోసు. వాడి బరువెంతో నాకు తెలీదు. వాణ్ణి ఎత్తుకుని తూకం మీద నిలబడి, నా బరువు తీసేసి చెప్పాను (నా బరువు కూడా ఆవిడకి తెలిసిపోయింది, అది వేరే సంగతి). సిరప్‌లు ఒక్కోటీ ఒక్కో గాఢతలో ఉంటాయని సీసా లేబుల్ కెమెరాకి దగ్గరగా పెట్టమన్నారు. ఆస్పిరిన్ మాత్రం పిల్లలకి ఇవ్వొద్దన్నారు. వైరల్ జ్వరాల్లో దానివల్ల అరుదుగా రైస్ సిండ్రోమ్ (Reye's) అని మెదడుకీ కాలేయానికీ ప్రమాదం రావొచ్చు.

రెండు నెలల తర్వాత ఫ్లూ జ్వరం వచ్చింది. జ్వరం తగ్గిన మర్నాడు మంచం దిగనన్నాడు, దింపితే మునివేళ్ళ మీద బాతులా నడిచాడు. ఈసారి నేను కబుర్లు పెట్టుకోలేదు, ఫోన్ గోడకి ఆనించి ఆ నడకే చూపించాను. ఆవిడ వెంటనే అడిగింది మూత్రం రంగు. మామూలుగానే ఉందన్నాను. కండరాలు బాగా దెబ్బతిని మూత్రం కోలాలా ముదురుగా వస్తే ఒక్క నిమిషం కూడా ఆగొద్దని, లేకపోయినా ఇది ఫోన్‌లో తేలేది కాదని, అదే రోజు తీసుకురమ్మని చెప్పారు. మా ఆయన "మరి కాల్ ఎందుకు దండగ" అన్నారు. దండగెందుకవుతుంది? కాల్ లేకపోతే "పెరిగే నొప్పులేలే" అని నేనే నిర్ణయించేసి పిసుకుతూ కూర్చునేదాన్ని.

రక్తపరీక్షలో సీకే (కండరాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్) బాగా ఎక్కువొచ్చింది. వైరస్ జ్వరం తర్వాత పిక్కల కండరాలు వాచాయన్నారు. ఎక్కువమంది పిల్లల్లో వారంలోపు దానంతటదే తగ్గుతుందట. నీళ్ళు బాగా తాగించి పడుకోబెట్టమన్నారు. మూడో రోజు గోడ పట్టుకుని నడిచాడు, ఐదో రోజు గోడ ఎక్కబోయాడు.