ప్రయోగ జంతువుల వైద్యంలో శిక్షణ: మామునూరు, కోరుట్ల పశువైద్య కాలేజీల నుంచి వచ్చే పశువైద్యులకు

బీవీఎస్సీ పట్టా చేతికి రాగానే మన దిక్కు పిల్లల్లో చాలామంది చూపు ఒక్కచోటే ఆగిపోతుంది. పశుసంవర్ధక శాఖలో వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్ కొలువుకు నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందా అని ఏళ్లకేళ్లు ఎదురుచూస్తారు. ఆ కొలువు మంచిదే. కానీ పశువైద్యుడు లేకుండా పని నడవడానికి వీల్లేదని చట్టమే చెప్పే రంగం ఇంకొకటి ఉంది: మందులు, టీకాల పరిశోధనలో వాడే ప్రయోగ జంతువుల సంరక్షణ. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం, దాని కింద 1998లో వచ్చిన నియమాల ప్రకారం జంతువులపై ప్రయోగం చేసే ప్రతి సంస్థా, జంతు ప్రయోగాలను పర్యవేక్షించే కేంద్ర కమిటీ సీసీఎస్ఈఏ దగ్గర నమోదు కావాలి. పాతవాళ్లు సీపీసీఎస్ఈఏ అనేది దీన్నే. ప్రతి సంస్థలోనూ జంతు నైతిక కమిటీ, అంటే ఐఏఈసీ ఉండాలి. అందులో జంతువుల సంరక్షణ చూసే పశువైద్యుడికి కచ్చితంగా ఒక కుర్చీ ఉంటుంది.

ఆ కుర్చీలో కూర్చోవడానికి పట్టా చాలు. అక్కడ పనికొచ్చే మాట చెప్పాలంటే మాత్రం శిక్షణ కావాలి. బర్రెలు, ఆవులు, గొర్రెల మీద నేర్చిన అలవాట్లలో కొన్ని ఇక్కడ నేరుగా ప్రాణం తీస్తాయి.

జైలజీన్ అనే మత్తు మందు సంగతే చూడండి. ఆవుకు కండలోకి కిలోకు 0.1 మిల్లీగ్రాముల చుట్టూ ఇస్తే చాలు, పడుకుంటుంది. మౌస్‌కు (చిట్టెలుకకు) కెటమిన్ అనే ఇంకో మత్తు మందుతో కలిపి కిలోకు 5 నుంచి 10 మిల్లీగ్రాములు కావాలి, అంటే 50 నుంచి 100 రెట్లు. ఆ లెక్క చూసి చెయ్యి వణికి డోసు తగ్గిస్తే, సగం మత్తులో ఉన్న జంతువును కోయాల్సి వస్తుంది. మౌస్‌కు మామూలుగా వాడే మిశ్రమం ఇది: మి.లీ.కి 50 మిల్లీగ్రాముల బలమున్న కెటమిన్ 2 మి.లీ., మి.లీ.కి 20 మిల్లీగ్రాముల బలమున్న జైలజీన్ అర మి.లీ., స్టెరైల్ సెలైన్ ఏడున్నర మి.లీ. కలిపితే మొత్తం 10 మి.లీ. అవుతుంది. ఇందులో ఒక్కో మి.లీ.లో కెటమిన్ 10, జైలజీన్ 1 మిల్లీగ్రాము ఉంటాయి. పది గ్రాముల బరువుకు 0.1 మి.లీ. చొప్పున, 25 గ్రాముల మౌస్‌కు 0.25 మి.లీ. కడుపు కుహరంలోకి ఇస్తే కెటమిన్ కిలోకు 100, జైలజీన్ కిలోకు 10 పడినట్టు. తల కిందికి వంచి, పొట్ట కింది భాగంలో కుడివైపు గుచ్చాలి. పెద్దపేగు మొదట్లో ఉండే సంచి, సీకం, ఎక్కువగా ఎడమవైపు ఉంటుంది కాబట్టి అటు గుచ్చితే మందు పేగులోకి పోయి, జంతువు నిద్రపోదు. ఇక్కడ కొత్తవాళ్లు తరచూ చేసే పొరపాటు ఇన్సులిన్ సిరంజి దగ్గరే. 40 యూనిట్ల సిరంజిలో 0.25 మి.లీ. అంటే 10వ గీత, 100 యూనిట్ల సిరంజిలో 25వ గీత. ఒకదాని గీతను ఇంకొకదాని మీద చూస్తే డోసు రెండున్నర రెట్లు అటో ఇటో అవుతుంది. మత్తు తేలుతుంటే కెటమిన్ ఒక్కటే, మొదటి డోసులో మూడో వంతు మళ్లీ ఇవ్వాలి, జైలజీన్ కలపకూడదు. కళ్లు తెరిచే ఉంటాయి కాబట్టి ఆయింట్‌మెంట్ పెట్టాలి. కింద వెచ్చదనం కావాలి. అంత చిన్న ఒంటికి వేడి నిమిషాల్లో దిగిపోతుంది. మత్తు మందుతో పోయిందని రాసుకునే చావుల్లో చాలావాటికి అసలు కారణం చలి.

పస్తు పెట్టడం ఇంకొకటి. ఆవుకు ఆపరేషన్ ముందు రోజంతా మేత ఆపుతాం, కడుపు ఉబ్బరం, మేత వెనక్కి రావడం లాంటి భయాలతో. మౌస్, ర్యాట్ (పెద్ద ఎలుక), కుందేలు వాంతి చేసుకోలేవు, ఆ భయం వాటికి లేదు. రాత్రంతా పస్తున్న మౌస్‌కు రక్తంలో చక్కెర పడిపోతుంది. నోటి ద్వారా మందు ఇచ్చే విషపరీక్షలకు అంతర్జాతీయ సంస్థ ఓఈసీడీ మార్గదర్శకాలు కూడా ర్యాట్‌కు రాత్రి పస్తు అని, మౌస్‌కు 3, 4 గంటలు మాత్రమే అని విడిగా చెప్తాయి. నీళ్లు మాత్రం దేనికీ ఆపరు. ఫార్మసీ విద్యార్థుల ప్రోటోకాళ్లలో రెండింటికీ కలిపి ‘రాత్రంతా పస్తు’ అని రాసి ఉంటే ఆపాల్సింది పశువైద్యుడే.

యాంటీబయాటిక్ విషయం మరీ ముఖ్యం. డిస్పెన్సరీలో అలవాటుగా చెయ్యి వెళ్లే యాంపిసిలిన్, అమాక్సిసిలిన్ గినీ పిగ్‌కు ఇస్తే పేగులోని మంచి బ్యాక్టీరియా పోయి క్లాస్ట్రిడియం అనే చెడ్డ బ్యాక్టీరియా పెరుగుతుంది. కొద్ది రోజుల్లోనే పారుడు పెట్టి చనిపోతుంది. కుందేలుకు నోటి ద్వారా ఇచ్చినా ఇదే గతి. లింకోమైసిన్, క్లిండామైసిన్ కూడా అంతే. గినీ పిగ్‌కు విటమిన్ సి ఒంట్లో తయారు కాదు, రోజుకు కిలోకు కనీసం 10 మిల్లీగ్రాములు బయటి నుంచి అందాలి. మేత మిగిలిందని కుందేలు పెల్లెట్లు వేస్తే రెండు మూడు వారాల్లో కీళ్లు వాచి, కదలడం మానేస్తాయి. అసలు గినీ పిగ్ మేతే అయినా, మామూలుగా తయారై 90 రోజులు దాటితే అందులోని విటమిన్‌ను నమ్మలేం. సంచి మీద తేదీ చూడటం పశువైద్యుడి పనే.

నొప్పిని గుర్తుపట్టడం కూడా కొత్తగా నేర్చుకోవాల్సిందే. వేటాడబడే జంతువు కాబట్టి మౌస్ నొప్పిని దాస్తుంది. 2010లో వచ్చిన ముఖ కవళికల కొలమానంలో ఐదు గుర్తులు చూస్తారు: కళ్లు చికిలించడం, ముక్కు ఉబ్బడం, బుగ్గ ఉబ్బడం, చెవులు వెనక్కి పోవడం, మీసాల తీరు మారడం. గది గుమ్మం దగ్గర కదలకుండా రెండు నిమిషాలు నిలబడి చూస్తేనే ఇవి కనిపిస్తాయి. కేజ్ తెరవగానే అన్నీ చురుగ్గా తిరుగుతాయి. ర్యాట్ ముక్కు, కళ్ల చుట్టూ ఎర్రగా కారితే రక్తం అనుకుని కంగారు పడతారు. అది పార్ఫిరిన్ అనే ఎర్ర రంగు పదార్థం, ఒత్తిడికో జబ్బుకో గుర్తు.

వీటిలో ఏదీ పుస్తకం చదివితే చేతికి రాదు. అందుకే ఏ కోర్సు గురించి విన్నా మేం అడిగేది ఒక్కటే: ఒక్కొక్కరి చేతిలో జంతువు ఎన్ని గంటలు ఉంటుంది? సర్టిఫికెట్ సంగతి తర్వాత. రెండు రోజులు స్లైడ్లు చూపించి, చివరి గంటలో ముప్పైమంది చుట్టూ నిలబడి ఒక్కరు గుచ్చడం చూసే కార్యక్రమానికి డబ్బు కట్టొద్దు. ముందు కృత్రిమ మౌస్ మీద, తర్వాత జంతువు మీద, పక్కన ఒకరు నిలబడి సరిదిద్దుతూ నేర్పే చోటికి వెళ్లండి.

మొదటి శిక్షణ మన ఊళ్లోనే, హనుమకొండలోనే దొరుకుతుంది. కాకతీయ విశ్వవిద్యాలయం ఫార్మసీ విభాగం ఉన్న ఊరు ఇది. హనుమకొండ, వరంగల్, కరీంనగర్ చుట్టూ ఫార్మసీ కాలేజీలూ తక్కువేం లేవు. నమోదైన యానిమల్ హౌస్ ఉన్న ప్రతి కాలేజీకీ ఐఏఈసీలో పశువైద్యుడు కావాలి. చాలాచోట్ల ఆ పేరు కాగితం మీద ఉంటుంది, మనిషి సంతకానికి మాత్రమే వస్తాడు. మీరు వెళ్తే సంతకానికి ముందు గది చూస్తామని అడగండి. ఉష్ణోగ్రత 18 నుంచి 29 డిగ్రీలు, తేమ 30 నుంచి 70 శాతం, గంటకు 12 నుంచి 15 సార్లు గాలి మారడం, 12 గంటల వెలుతురు, 12 గంటల చీకటి, ఇవీ చూడాల్సినవి. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర బయట 43, 44 డిగ్రీలు కాస్తుంది. కరెంటు పోతే ఏసీకి జనరేటర్ కలిపి ఉందా లేక లైట్లకే ఉందా అన్నది అడిగి, మెయిన్ ఆపించి చూడండి. కనిష్ఠ, గరిష్ఠ ఉష్ణోగ్రతలు గుర్తుంచుకునే థర్మామీటర్ లేకపోతే ఆదివారం మధ్యాహ్నం గదిలో ఏం జరిగిందో సోమవారం ఎవరికీ తెలియదు. బెడ్డింగ్‌కు, అంటే కేజ్‌లో కింద పరవడానికి, మన దగ్గర చవగ్గా దొరికేది వరి ఊక. దుమ్ము జల్లించి, 121 డిగ్రీల దగ్గర ఆటోక్లేవ్ చేసి (ఆవిరితో క్రిములను చంపి), ఆరబెట్టి వాడాలి. తడిగా వేస్తే బూజు పడుతుంది. బయటి ఎలుకలు తిరిగిన మిల్లు నుంచి తెచ్చిన ఊకను అలాగే వేస్తే వాటి పురుగులు, జబ్బులు కాలనీలోకి, అంటే మనం పెంచే జంతువుల గుంపులోకి వస్తాయి.

తర్వాత ఫారం బి, అంటే ప్రయోగానికి అనుమతి కోరే దరఖాస్తు. దీన్ని చదవడం ఒక చదువే. జంతువుల సంఖ్య దగ్గర ఆగండి. పాత సమాచారం ఉంటే గణాంక నిపుణుడితో శాంపిల్ సైజు లెక్క కట్టించాలి. లేకపోతే మొత్తం జంతువుల్లోంచి గ్రూపుల సంఖ్య తీసేయండి, మిగిలింది 10కి 20కి మధ్య ఉండాలి. ఐదు గ్రూపులు, గ్రూపుకు ఆరు అంటే 30లోంచి 5 పోతే 25, ఎక్కువైంది. గ్రూపుకు ఐదు చాలు. మత్తు దగ్గర ఈథర్ అని రాసి ఉంటే తిప్పి పంపండి. అది మండుతుంది, ఊపిరితిత్తుల దారిని గాయపరుస్తుంది. కంటి వెనక నుంచి రక్తం తీస్తామంటే మత్తు ఏదో అడగండి. రక్తం ఎంత తీస్తారో లెక్క కట్టండి: 25 గ్రాముల మౌస్ ఒంట్లో ఉండేదే 1.8 మి.లీ. చుట్టూ. ఒకసారికి అందులో పదో వంతు, అంటే 0.18 మి.లీ. తీస్తే మళ్లీ తీయడానికి రెండు వారాలు ఆగాలి. 200 గ్రాములు దాటిన ర్యాట్‌కు చేత్తో మెడ విరవడం ఒప్పుకోదగ్గది కాదు. ఎంత బరువు తగ్గితే ప్రయోగం ఆపుతారో రాయించండి. 20 శాతం అన్నది చాలాచోట్ల గీత. కెటమిన్ షెడ్యూల్ ఎక్స్ మందు, అంటే గట్టి నియంత్రణలో ఉండేది; తాళం, రిజిస్టర్ ఎవరి దగ్గరున్నాయో చూడండి. ఇలా ఇరవై దరఖాస్తులు శ్రద్ధగా చదివినవాళ్లకు ఇంటర్వ్యూలో ఏ ప్రశ్నా కొత్త కాదు.

పెద్ద కాలనీ చూడాలంటే హైదరాబాద్ పోవాలి. హనుమకొండ బస్సు ఉప్పల్ చేరితే హబ్సిగూడలో కణ, అణు జీవశాస్త్ర కేంద్రం సీసీఎంబీ, కాస్త ముందుకు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ. స్థూలకాయ పరిశోధనకు పేరుపొందిన డబ్ల్యూఎన్ఐఎన్ ర్యాట్ రకాలు ఈ తార్నాక సంస్థలో వచ్చినవే. ప్రయోగ జంతువుల టెక్నీషియన్లకు, సూపర్‌వైజర్లకు అక్కడ ఏళ్లుగా కోర్సులు నడిచాయి. సూపర్‌వైజర్ కోర్సు పశువైద్యుడికి సరిగ్గా సరిపోతుంది. టెక్నీషియన్ కోర్సు కూడా చిన్నచూపు చూడొద్దు, కేజ్ మార్చడం చేతకానివాళ్ల మాట యానిమల్ హౌస్‌లో ఎవరూ వినరు. కరీంనగర్ నుంచి వచ్చేవాళ్లకు రాజీవ్ రహదారి మీదే జీనోమ్ వ్యాలీ తగులుతుంది. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) జాతీయ జంతు వనరుల కేంద్రం అక్కడే ఉంది. దరఖాస్తుకు ముందు ఈ రెండు ఐసీఎంఆర్ సంస్థల వెబ్‌సైట్లలోనూ ఆ ఏటి ప్రకటన చూసుకోండి. టీకా కంపెనీలు, వేరే కంపెనీల కోసం పరీక్షలు చేసిపెట్టే కాంట్రాక్ట్ రీసెర్చ్ సంస్థలు, జంతువులను పెంచి అమ్మే సంస్థలు కూడా ఆ చుట్టుపక్కలే.

కాంట్రాక్ట్ రీసెర్చ్‌లో చేరితే జీఎల్‌పీ, అంటే ల్యాబ్ పని నాణ్యతకు పెట్టిన నియమాలు నేర్చుకుంటారు. 2011 నుంచి ఓఈసీడీ పరస్పర అంగీకార వ్యవస్థలో భారత్ పూర్తి భాగస్వామి, కాబట్టి మన ల్యాబ్‌లో జీఎల్‌పీ కింద చేసిన పరీక్షను మిగతా దేశాలూ ఒప్పుకుంటాయి. దానికి తగ్గట్టే రాతకోతలు గట్టిగా ఉంటాయి. చేసిన పని అప్పుడే, సిరాతో, సంతకం, తేదీతో రాయాలి. తప్పు పడితే ఒక్క గీత కొట్టి కారణం రాయాలి, వైట్‌నర్ పూస్తే ఆ సమాచారం మీద నమ్మకం పోతుంది. కాలనీ ఆరోగ్యం చూడటం నేర్చుకోవాలంటే మాత్రం పెంపక సంస్థే మేలు. వాడిన బెడ్డింగ్ మీద జబ్బును పసిగట్టడానికి కాపలాగా పెట్టే సెంటినెల్ జంతువులను ఉంచి, మూడు నెలలకోసారి పరీక్షించి, పిన్‌వార్మ్, మైకోప్లాస్మా లాంటి పురుగులు, క్రిములు ఎక్కడ నుంచి వచ్చాయో వెతకడం అక్కడ రోజువారీ పని. ఒక్క జంతువును బతికించడం కన్నా గదిని కాపాడటం ముందు అన్న కష్టమైన నిర్ణయం అక్కడే అలవాటవుతుంది.

ఎంవీఎస్సీ (పశువైద్యంలో పీజీ) చేయదలచినవాళ్లకు మా సలహా పాథాలజీ, తర్వాత ఫార్మకాలజీ, టాక్సికాలజీ. ర్యాట్ కాలేయం స్లైడు చదవగల పశువైద్యుడికి విషపరీక్షల ల్యాబుల్లో ఎప్పుడూ పని ఉంటుంది. సర్జరీ చేసినవాళ్లకు పరికరాలు అమర్చే ప్రయోగాల్లో చోటుంది. విదేశం వెళ్లాలనుకుంటే ప్రయోగ జంతువుల వైద్యానికి అమెరికా బోర్డు అయిన ఏక్లామ్ పరీక్షకు రెండు దారులు: గుర్తింపు పొందిన రెసిడెన్సీ, లేదా ఆరేళ్ల పూర్తికాలపు అనుభవం. రెండింటికీ మొదటి రచయితగా సమీక్షిత పత్రికలో ఒక పరిశోధన వ్యాసం ఉండాలి. ఆ వ్యాసానికి ఎంవీఎస్సీ థీసిస్ రోజుల్లోనే పునాది వేసుకోండి.

జంతువులు లేని పద్ధతులు వస్తున్నాయి కదా, ఈ రంగం ఉంటుందా అని అడుగుతారు. 2023 మార్చిలో మన కొత్త ఔషధాల నియమాలను సవరించి కణజాలం, చిప్ మీద అవయవం లాంటి పద్ధతులకు చోటిచ్చారు. అది మంచి మార్పు, మనస్ఫూర్తిగా స్వాగతించాల్సింది. జంతువుల సంఖ్య తగ్గే కొద్దీ మిగిలిన ఒక్కో జంతువును ఇంకా బాగా చూసుకోవాలి, అందుకు శిక్షణ ఉన్న మనిషే కావాలి. ఐఏఈసీలో కూర్చునేవాళ్లు ఆ పద్ధతులు తెలుసుకుని, ‘ఇది జంతువు లేకుండా చేయొచ్చు కదా’ అని అడగగలగాలి.

ఇంటర్న్‌షిప్ ఏడాదిలో ఉన్నవాళ్లు ఇప్పుడే కాలేజీ ద్వారా ఒక లేఖ రాయించండి. ‘శిక్షణ ఇవ్వగలరు’ అని మాత్రమే రాస్తే జవాబు రాదు. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఎన్ని వారాలు, ఏం నేర్చుకోవాలి (పట్టుకోవడం, గొట్టంతో కడుపులోకి మందు పోసే గవేజ్, రక్తం తీయడం, మత్తు, శవపరీక్ష, కాలనీ ఆరోగ్య తనిఖీ), ధనుర్వాతం టీకా వేసుకున్న తేదీ, ర్యాట్, కుందేలు వెంట్రుకలకు అలర్జీ లేదన్న మాట, ఇంట్లో పెంపుడు ఎలుకలు, కుందేళ్లు లేవన్న మాట ఒకే పేజీలో ఉండాలి. చివరి రెండూ వాళ్లు అడిగేలోపే రాస్తే, ఈ పిల్లలకు లోపలి పని తెలుసని వాళ్లకు అర్థమవుతుంది. లోపలికి వెళ్లిన రోజు నుంచి ఒక లాగ్‌బుక్ పెట్టండి: తేదీ, జాతి, చేసిన పని, ఎన్ని సార్లు, చూశారా, సాయంతో చేశారా, ఒంటరిగా చేశారా, పక్కన ఉన్నవారి సంతకం. ఏ సంతకమూ సాయంత్రానికి వాయిదా వేయొద్దు.