పదిహేడో ఆకు

సెలవుకి విశాఖ వచ్చినప్పుడల్లా చోడవరం మావయ్యది ఒకటే మాట: "ఆకులు కొలవడానికి మలేసియా దాకా వెళ్లాలేటి, అమ్మలూ?" ఆయనకి నాలుగెకరాల పామాయిల్ తోట ఉంది, అక్కడ నేను పరిశోధన చేసేదీ పామాయిల్ చెట్ల మీదే. ఈసారి వివరంగా చెప్పాను.

పెందుర్తిలో మా పెరట్లో అమ్మ చీపురుకని కొబ్బరాకు ఈనెలు తీస్తోంది. ఆ ఆకే పట్టుకుని చూపించాను. "ఇలాగే మావయ్యా. ఆకు పొడవు, మట్ట మందం, ఒక్కో పక్కన చిన్నాకులు ఎన్ని, వాటి వెడల్పు ఎంత, ఇవే మేం కొలిచేవి. ప్రతి చెట్టుకీ 17వ ఆకే."

మొవ్వు పక్కన పూర్తిగా విచ్చుకున్నది 1. ఆకులు మెలి తిరుగుతూ పుడతాయి కాబట్టి 1 కింద 9, దాని కింద 17 ఒకే వరసలో పడతాయి. వెళ్లిన కొత్తలో నేను సగం విచ్చిన ఆకుని 1 అనుకున్నాను. ఒక వరస చెట్ల కొలతలన్నీ పోయాయి. మర్నాడు వానలో మళ్లీ కొలుస్తుంటే మా ల్యాబ్ అన్నయ్య గొడుగు పట్టుకుని తోడున్నాడు. ఆయన ముత్తాత రబ్బరు తోటల పనికి శ్రీకాకుళం వైపు నుంచి వెళ్లినవాడు. ఆయన తెలుగులో "ఏటమ్మా" ఇంకా అలాగే ఉంది, వింటే నాకు ప్రాణం లేచొస్తుంది.

"కొలిచి ఏం చేస్తారు?"

ఒకే తల్లీ తండ్రీ చెట్లకి పుట్టిన పిల్లల్లోనూ ఒకదాని ఆకు పొడుగు, ఒకదానిది పొట్టి. వాటి డీఎన్‌ఏ తీసి, 16 జతల క్రోమోజోముల్లో ఏ ముక్క పొడుగాకుతో కలిసి వస్తోందో వెతుకుతాం. టెంక మందాన్ని నడిపే జన్యువు 2013లో దొరికింది, అది ఒక్కటే. ఆకు పొడవు అలా కాదు, చాలా జన్యువులు తలో చెయ్యీ వేస్తాయి. దొరికితే నర్సరీ మొక్కలోనే మంచి రకం ఏరుకోవచ్చు, ఏళ్ల తరబడి ఎదురుచూడక్కర్లేదు.

మావయ్య వెంటనే అందుకున్నాడు. "9 మీటర్ల ఎడంతో ఎకరాకి 57 మొక్కలు వేశాను. ఇప్పుడు ఆకులు ఒకదాన్నొకటి కమ్మేస్తన్నాయి. ఆకు పొట్టిదైతే ఇంకో నాలుగు పడతాయి కదా?"

పడతాయి. కానీ చెట్టుకి వంటిల్లు ఆకే. ఆకు తగ్గినా గెల బరువు తగ్గకూడదు. మా పనిలో కష్టమంతా అక్కడే ఉంది, దానికోసమే నేను ఇల్లొదిలి ఉన్నాను.

మర్నాడు తోట నుంచి ఫోను. "1 కింద 9 చూశాను. 17 దొరికింది. నరికి కొలవనా?"

"వద్దు మావయ్యా, చెట్టు మీదే కొలువు. దాని మొదట్లో పూగుత్తి ఉంటుంది, జాగ్రత్త."