70 గేట్లు, 160 చుక్కలు

మే నెలలో బెజవాడ ప్రయాణమంటే మా ఇంట్లో ఎవరికీ నచ్చదు. అయినా రెండు రోజులు సెలవు పెట్టి సికింద్రాబాదులో రైలెక్కాను. పటమటలో ఉంటున్న ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారి ఇంట్లో, అటక మీది ట్రంకు పెట్టెలో, పన్నెండు ఆడియో క్యాసెట్లు ఉన్నాయని తెలిసింది. అవి పాటల క్యాసెట్లు అయివుంటే నేను కదిలేవాణ్ణి కాను. ఆయన శిష్యులు ముప్ఫై అయిదేళ్ళకు పైబడిన కాలం కింద కంప్యూటరు మీద చుక్కచుక్కగా పేర్చి గీసిన బొమ్మలు వాటిలో ఉన్నాయి.

కేంద్ర ప్రభుత్వం 1984లో ‘క్లాస్’ అనే పేరుతో పాఠశాలల్లో కంప్యూటర్ శిక్షణ ప్రారంభించి, దానికి ఇంగ్లండులో ఎకార్న్ కంపెనీ తయారుచేసిన బీబీసీ మైక్రో యంత్రాన్ని ఎంచుకుంది. మాస్టారు పనిచేసిన బడికీ ఆ యంత్రాలు వచ్చాయి. దానికి మెమరీ మొత్తం 32 కిలోబైట్లు. రంగుల బొమ్మలకు అనువైన ‘మోడ్ 2’లో అందులో 20 కిలోబైట్లు తెరకే పోతాయి. ఆ బడిలో బొమ్మను దాచుకోవాలంటే మామూలు క్యాసెట్టే దిక్కు.

పెట్టె తెరిచేసరికి ఎండిన వేపాకు పొడిపొడిగా రాలింది. క్యాసెట్ల మీద బూజు పెద్దగా లేదు. నేను తీసుకెళ్ళిన టేప్ ప్లేయరే నన్ను ముంచింది. లోపలి రబ్బరు బెల్టు కరిగి నల్లటి బంకలా చక్రాలకు అంటుకుపోయింది. స్పిరిట్‌తో తుడిచి, ఆటోలో గవర్నర్‌పేట వెళ్ళి విడిభాగాల దుకాణాలు గాలిస్తే, మూడో దుకాణంలో తీగకు దండలా గుచ్చిన పాత బెల్టుల్లోంచి సరిపోయేది ఒకటి దొరికింది. పాత కంప్యూటర్ల గురించి మాట్లాడేవాళ్ళు చిప్పుల గురించి చాలా చెబుతారు గానీ, నా అనుభవంలో పని ఆగేది ఇలాంటి రబ్బరు ముక్క దగ్గరే.

బెల్టు వేశాక కూడా మొదటి క్యాసెట్ మందంగా, దుప్పటి కప్పుకుని మాట్లాడుతున్నట్టు వినిపించింది. టేపును తాకి శబ్దాన్ని చదివే భాగాన్ని హెడ్డు అంటారు. రికార్డు చేసిన యంత్రం హెడ్డూ నా ప్లేయరు హెడ్డూ ఒకే కోణంలో లేకపోతే పైస్థాయి ధ్వనులు అణిగిపోతాయి. హెడ్డు పక్కనున్న చిన్న స్క్రూను వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ వినగా వినగా, ఒకచోట ఆ కీచుధ్వని చెవిలో సూది గుచ్చినంత పదునుగా పలికింది. ఈ యంత్రం భాషలో సున్నా అంటే 1200 హెర్ట్జ్‌లో ఒక ఆవృత్తి, ఒకటి అంటే 2400 హెర్ట్జ్‌లో రెండు ఆవృత్తులు. పై ధ్వని అణిగితే ఒకట్లన్నీ గల్లంతే.

రికార్డు చేసుకున్న శబ్దాన్ని టేపు ఫైలుగా మార్చి, ల్యాప్‌టాప్‌లో ఎమ్యులేటర్‌కు, అంటే ఆ పాత యంత్రంలా నటించే ప్రోగ్రాముకు, అసలు వేగంతోనే అందించాను. బొమ్మ 256 బైట్ల ముక్కలుగా వస్తుంది కనుక మొత్తం 80 ముక్కలు. ముక్కల సంఖ్య పదహారు మూలంగా గల లెక్కలో 00 నుంచి 4ఎఫ్ దాకా (మన లెక్కలో 0 నుంచి 79 దాకా) కనబడుతుంది. ఒక బొమ్మకు మూడు నిమిషాల పైనే పడుతుంది. మొదటిసారి 2బి దగ్గర ‘డేటా?’ అనీ, కింద ‘రివైండ్ టేప్’ అనీ వచ్చింది. మాస్టారు చిన్నగా నవ్వి, “అప్పుడూ ఇంతేనయ్యా, పిల్లలు దేవుడికి దణ్ణం పెట్టుకుని కూర్చునేవాళ్ళు,” అన్నారు. అయిదో ప్రయత్నంలో 4ఎఫ్ చేరింది.

తెర మీద కనిపించింది ప్రకాశం బ్యారేజీ. దాన్ని బొమ్మల ఫైలుగా మార్చి పెద్దదిగా చూపించగానే మాస్టారి మొహం ముడుచుకుంది. “ఇదేంటయ్యా, బ్యారేజీని రెండు పక్కలా నొక్కేశారు?” అన్నారు. తప్పు నాదే. మోడ్ 2లో అడ్డంగా 160 చుక్కలు, నిలువుగా 256. ఆ తెర మీద చుక్క చదరంగా ఉండదు. దాని వెడల్పు ఎత్తుకు దాదాపు రెండింతలు. నేను వాడిన పనిముట్టు ప్రతి చుక్కనూ చదరం చేసి, 1223 మీటర్ల కట్టడాన్ని బావి గట్టంత చేసింది. పాత బొమ్మలను పదిలపరుస్తున్నామనుకుని ఇలా ఎన్నింటిని నొక్కేశామో అనిపించి సిగ్గుపడ్డాను.

వెడల్పు సరిచేశాక మాస్టారు లోపలికి వెళ్ళి ఒక గ్రాఫు పుస్తకం తెచ్చారు. పిల్లలకు కంప్యూటరు ముందు దొరికేది వారానికి ఒక గంట. కనుక బొమ్మంతా ముందు కాగితం మీదే వేసుకోవాలి, ఒక చుక్కకు అడ్డంగా రెండు గళ్ళు. బ్యారేజీ గీసిన తొమ్మిదో తరగతి అమ్మాయి ఆ పేజీ అంచున పెన్సిలుతో ఒక లెక్క వేసుకుంది: గేట్లు 70, స్తంభాలు 71, మొత్తం 141, 160లోంచి 141 పోగా 19, ఎడమ 9, కుడి 10. బ్యారేజీకి నిజంగానే 70 గేట్లు. ఒక చుక్క స్తంభం, ఒక చుక్క గేటు చొప్పున ఆ 160 చుక్కల్లో ఒక్క గేటునూ వదలకుండా పట్టించింది. ఇంకో 20 గేట్లు ఎక్కువ కట్టివుంటే ఈ బొమ్మ సాధ్యమయ్యేది కాదు. ఆ లెక్కను వేలితో తడుముతూ చాలాసేపు కూర్చున్నాను. బొమ్మ కంటే అదే నాకు ఎక్కువ నచ్చిందని చెబితే అతిశయోక్తి కాదు.

ఇక రంగులు. ఆ యంత్రానికి నిలకడ రంగులు ఎనిమిదే, వరద కృష్ణమ్మ ఎర్రమట్టి రంగు వాటిలో లేదు. ఆ అమ్మాయి ఎరుపు, పసుపు, నలుపు చుక్కలను ఒకటి విడిచి ఒకటి పేర్చింది. నా ల్యాప్‌టాప్‌లో అది రంగుల దోమతెరలా కనిపించింది. మాస్టారి ఇంట్లో మూలన పడివున్న 14 అంగుళాల పాత టీవీకి చిన్న కన్వర్టర్ డబ్బాతో కలిపి చూశాం. టీవీ సంకేతంలో వెలుగు వివరానికి ఇచ్చినంత చోటు రంగు వివరానికి ఇవ్వరు. అందువల్ల పక్కపక్క రంగులు ఒకదాంట్లోకి ఒకటి కారి, తెర మీద బురద నీరు పారింది. పదునైన చదరపు గళ్ళే ఈ కళకు అందమని ఇప్పటివాళ్ళు అనుకుంటున్నారు గానీ, గీసినవాళ్ళు ఆ మసకను లెక్కలోకి తీసుకునే గీశారు.

మరో ఎనిమిది రంగులు మిణుకుమిణుకుమనేవి: నలుపు తెలుపవుతూ, నీలం పసుపవుతూ ఉండేవి. వాటిలో నలుపు-తెలుపు రకంతో ఆమె బ్యారేజీ మీద 14 దీపాలు పెట్టింది, అయిదు గేట్లకు ఒకటి. నేను ముందు తీసిన ఫైలులో అవన్నీ ఆరిపోయి ఉన్నాయి, ఆ క్షణంలో నలుపు వంతు వచ్చింది కాబోలు. ఆ బొమ్మను ఒక్క నిశ్చల చిత్రంగా దాస్తే దీపాలు పోతాయి. ఒట్టి బైట్లుగా దాచినా చాలదు, ఎందుకంటే ఏ మోడ్‌లో గీశారన్నది ఆ 20,480 బైట్లలో ఎక్కడా ఉండదు. మోడ్ 1లో తెరిస్తే అవే బైట్లు పిచ్చి చారలవుతాయి. మనకు ఆ సంగతి చెప్పింది క్యాసెట్ చీటీ మీద పెన్సిలుతో రాసిన ‘2’ అనే అంకె. అందుకే శబ్దం ఫైలు, బైట్ల ఫైలు, చీటీ ఫోటో, గ్రాఫు పేజీ ఫోటో, టీవీ తెరను తీసిన వీడియో, అన్నీ ఒకే ఫోల్డర్‌లో పెట్టాను. అదే కాలపు మరో ఇంటి కంప్యూటరు సింక్లెయిర్ స్పెక్ట్రమ్ బొమ్మ అయితే ఇంత బాధ ఉండేది కాదు. దాని తెర ఎప్పుడూ 6,912 బైట్లే, ఒకే అమరిక. దాని బాధలు వేరు, ఎనిమిదికి ఎనిమిది చుక్కల గడిలో రెండు రంగులకు మించి పట్టవు.

రెండో రోజు సాయంత్రానికి తొమ్మిది క్యాసెట్లు పలికాయి. మూడింటికి ఎంత స్క్రూ తిప్పినా ‘డేటా?’ తప్ప మరో మాట రాలేదు. వాటి శబ్దాన్ని యథాతథంగా రికార్డు చేసుకున్నాను. కొత్త బెల్టు వేసిన ప్లేయరును మాస్టారి దగ్గరే వదిలేశాను. “ఆ పిల్ల పెళ్ళయ్యి తెనాలి వెళ్ళింది, వాళ్ళ అన్నయ్య నంబరు సంపాదిస్తాను,” అన్నారాయన గుమ్మం దాకా వచ్చి.

రైలుకు ఇంకా మూడు గంటలుంది. ఆటోలో బ్యారేజీ దగ్గర దిగి, అంచు వెంబడి నడుస్తూ గేట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. దీపాలు అప్పుడే వెలుగుతున్నాయి, అయిదు గేట్లకు ఒకటి కంటే చాలా దగ్గరగా ఉన్నాయి. 43వ గేటు దగ్గర వెనక నుంచి వచ్చిన స్కూటరు హారనుకు పక్కకు జరిగి లెక్క తప్పాను. సీతానగరం చివరిదాకా నడిచి, అటు నుంచి మళ్ళీ ఒకటితో మొదలుపెట్టాను.