చిన్నపిల్లల పట్టు పరికిణీ: ఎంపికలో నేను చూసేవి

మా ఇంట్లో అక్షరాభ్యాసమైనా, గృహప్రవేశమైనా ఆడపిల్లలకు పరికిణీలు కుట్టించే బాధ్యత నాదే కాబట్టి, బట్ట అందం కన్నా ముందు దాని బరువును చూస్తాను. ధర్మవరం పట్టు నిండుగా ఉంటుంది గానీ, పీట మీద చాలాసేపు కూర్చోవలసిన ఐదేళ్ల పాపకు అది భారమే. అలాంటప్పుడు ఒంటి భాగాన్ని నూలుతోనూ, అంచును పట్టుతోనూ నేసి రెంటినీ కలిపే గద్వాల నేత గానీ, జరీ అంచున్న మంగళగిరి నూలు గానీ ఎంతో హాయినిస్తుంది; పండుగ కళ కూడా ఏమాత్రం తగ్గదు.

జాకెట్టు లోపల మెత్తని నూలు లైనింగు తప్పనిసరి, ఎందుకంటే మెడ దగ్గర, చంకల దగ్గర జరీ ఒరుసుకుంటే పిల్లలు తాళలేరు. పరికిణీ అడుగున లోపలి వైపు రెండు మూడు టక్కులు వేయించి, జాకెట్టు పక్కల్లో కొంత బట్ట వదిలిస్తే, పాప ఎదిగే కొద్దీ విప్పుకుంటూ కొన్నేళ్లపాటు తొడగవచ్చు. పొడవు మాత్రం చీలమండ దాటకూడదు. మెట్లెక్కేటప్పుడు అంచు కాలికి అడ్డుపడుతుంది. హోమం జరిగే చోటికి పాలియెస్టరు, నైలాన్ నెట్టు బట్టలంటే నేను ససేమిరా ఒప్పుకోను, నిప్పురవ్వ పడితే అవి కరిగి చర్మానికి అంటుకుంటాయి. రంగు ఎంపికను పూర్తిగా పాపకే వదిలేస్తాను.