ఇల్లు కట్టించే మేనేజరుకు మనం రాసిచ్చే అధికారం ఎంత?

అమెరికాలోనో గల్ఫ్ దేశాల్లోనో ఉద్యోగం చేస్తూ హైదరాబాదులోనో విజయవాడలోనో సొంత స్థలంలో ఇల్లు కట్టించుకునేవారు, ఇక్కడే ఉన్నా రోజూ సైటుకు వెళ్లే తీరిక లేనివారు, తమకూ కాంట్రాక్టరుకూ మధ్య ఒక ప్రాజెక్టు మేనేజరును పెట్టుకుంటున్నారు. కాంట్రాక్టరు ఒప్పందాన్ని పదిసార్లు చదివేవారు కూడా మేనేజరు విషయానికి వచ్చేసరికి ఫీజు, గడువు రాసిన రెండు పేజీల కాగితంతో సరిపెట్టుకుంటారు. ఇలాంటి ఒప్పందాలను రాయడం, ఇతరులు రాసినవాటిని సవరించడం నా వృత్తిలో భాగం కనుక ఒక మాట గట్టిగా చెప్పదలచుకున్నాను. ఫీజు కన్నా ముందు తేల్చుకోవలసింది అధికారం. మన తరఫున ఆయన దేనికి ఒప్పుకోవచ్చు, ఎంత ఖర్చుకు మనల్ని బాధ్యులను చేయవచ్చు, ఏ పనికి మన సంతకం తప్పనిసరి అన్నవి ముందు కాగితం మీదికి రావాలి.

భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 182వ సెక్షన్ ప్రకారం మరొకరి తరఫున పని చేయడానికి గానీ, మూడో వ్యక్తులతో వ్యవహారాల్లో ఆయనకు ప్రాతినిధ్యం వహించడానికి గానీ నియమితుడైనవాడు ఏజెంటు. ఒప్పందంలో మేనేజరును సలహాదారు అని రాసినా, సమన్వయకర్త అని రాసినా, సైటులో మన తరఫున నిర్ణయాలు చెబుతున్నంత మేరకు చట్టం ఆయనను ఏజెంటుగానే చూస్తుంది. ఆ అధికారం రాతలోనే ఉండనక్కరలేదు, పరిస్థితులను బట్టి కూడా ఏర్పడుతుందని 186, 187 సెక్షన్లు చెబుతున్నాయి. ఏజెంటు తన పరిధి దాటి చేసిన పనికి కూడా, అది పరిధిలోనిదేనని మూడో వ్యక్తి నమ్మేలా యజమాని మాటలు గానీ నడత గానీ ఉంటే, యజమానే బాధ్యుడని 237వ సెక్షన్ అంటుంది. ఆ సెక్షన్ కింద చట్టమే ఇచ్చిన ఉదాహరణ చూడండి: ఫలానా ధర కన్నా తక్కువకు అమ్మవద్దని చెప్పి ఒకరు సరుకును మరొకరికి అప్పగిస్తారు, ఆ షరతు తెలియని మూడో వ్యక్తి అంతకన్నా తక్కువ ధరకు కొనడానికి ఒప్పందం చేసుకుంటాడు, ఆ ఒప్పందానికి యజమాని కట్టుబడవలసిందే.

ఇదే సూత్రాన్ని సైటుకు అన్వయించి చూద్దాం. ప్లింతు (నేల మట్టం నుంచి ఇంటి గచ్చు దాకా ఉండే కట్టు) ఎత్తు ఇంకో అడుగు పెంచుదామని కాంట్రాక్టరు అడుగుతాడు, మేనేజరు అక్కడికక్కడే సరేనంటాడు, రెండు నెలల తరువాత రన్నింగు బిల్లులో (పని సాగుతుండగా మధ్యమధ్య ఇచ్చే బిల్లు) అది అదనపు పనిగా కనిపిస్తుంది. నేను ఒప్పుకోలేదని యజమాని అన్నా, అంతకుముందు ఇలాంటి అదనపు పనులకు అభ్యంతరం చెప్పకుండా డబ్బు చెల్లించి ఉంటే, కాంట్రాక్టరు చేతిలో బలమైన వాదన ఉన్నట్టే. అందుకని పరిమితులను అంకెల్లో రాయాలి. ఉదాహరణకు, ఒక్కో అదనపు పని 25 వేల రూపాయల లోపు, నెల మొత్తం మీద లక్ష లోపు అయితే మేనేజరు తానే అనుమతించవచ్చు. అది దాటినా, డ్రాయింగు మారినా, గడువు పొడిగించినా, ఒప్పుకున్న సామగ్రి బదులు వేరేది వాడినా, తుది బిల్లు ఖాయం చేసినా యజమాని ఈమెయిలు అనుమతి ఉండాలి. ఇంతకన్నా ముఖ్యమైన సంగతి, ఇవే పరిమితులు కాంట్రాక్టరుతో చేసుకున్న ఒప్పందంలో కూడా కనిపించాలి. మేనేజరు కాగితంలో మాత్రమే ఉన్న షరతు కాంట్రాక్టరుకు తెలియనే తెలియదు, తెలియని షరతుతో అతడిని కట్టడి చేయలేము. తవ్విన పునాది గోతుల్లోకి వాన నీరు చేరి పక్క ఇంటి ప్రహరీ కూలేలా ఉన్నప్పుడు మాత్రం అనుమతి కోసం ఆగమనకూడదు. అత్యవసర సమయంలో నష్టాన్ని నివారించే అధికారం ఏజెంటుకు 189వ సెక్షన్ ఎలాగూ ఇస్తోంది.

సామగ్రి కొనుగోలు మేనేజరు చేతిలో ఉంటే 216వ సెక్షన్‌ను గుర్తుంచుకోవాలి. యజమానికి తెలియకుండా ఏజెంటు తన సొంతానికి వ్యవహారం నడిపితే, దానివల్ల అతడికి కలిగిన లాభాన్ని యజమాని రాబట్టుకోవచ్చు. అయినా, సిమెంటు, స్టీలు, టైల్సు డీలర్ల నుంచి కమిషను తీసుకోరాదని, వచ్చే డిస్కౌంటు అంతా యజమానికే చెందుతుందని, బిల్లులు యజమాని పేరు మీదే ఉండాలని విడిగా రాయించుకోవడం మేలు, ఎందుకంటే లాభాన్ని కోర్టులో రుజువు చేయడం ఇంటి యజమానికి చాలా కష్టం. ఇదే కారణంతో నిర్మాణ వ్యయంలో ఇంత శాతమని ఫీజు నిర్ణయించడాన్ని నేను ఇష్టపడను. ఖర్చు పెరిగితే ఫీజు పెరిగే ఏర్పాటు నిజాయితీపరుడిని కూడా ఇరకాటంలో పెడుతుంది. పని దశలను బట్టి విడతలుగా చెల్లించే స్థిరమైన మొత్తం నయం. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపారో లేదో అప్పుడే తేల్చుకోండి.

విధుల దగ్గర "పనులను పర్యవేక్షించును" అన్న వాక్యం వల్ల ఎవరికీ ఉపయోగం లేదు. శ్లాబు పోసే ముందు స్టీలును స్ట్రక్చరల్ డ్రాయింగుతో సరిచూసి ఫొటోలతో సహా రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి, కాంక్రీటు బలాన్ని పరీక్షించే క్యూబుల 28 రోజుల ఫలితాలను యజమానికి పంపాలి, బిల్లు అందిన వారంలోగా కొలతలు సరిచూసి ధ్రువీకరించాలి అని రాస్తే, జరగనిది ఏమిటో తరువాత చూపించగలం. నైపుణ్యం, శ్రద్ధ చూపే బాధ్యత 212వ సెక్షన్‌లో ఉన్నా, ఏ పనిలో శ్రద్ధ లోపించిందో చెప్పవలసింది మనమే. మొదటి సమావేశానికి ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న ఇంజినీరు వచ్చి, ఆ తరువాత సైటుకు అప్పుడే చదువు ముగించిన కుర్రవాడు రావడం కూడా చూస్తుంటాం కనుక, వచ్చే వ్యక్తి పేరును, వారానికి ఎన్నిసార్లు వస్తాడో ఒప్పందంలో చేర్చాలి.

విదేశాల్లో ఉన్నవారు మేనేజరుకు అన్ని వ్యవహారాలకూ అధికారమిచ్చే జనరల్ పవరాఫ్ అటార్నీ రాసివ్వడం నాకు ఆందోళన కలిగించే అలవాటు. మునిసిపల్ అనుమతులు, కరెంటు, నీటి కనెక్షన్ల దరఖాస్తులకు పరిమితమైన స్పెషల్ పవరాఫ్ అటార్నీ చాలు. స్థలాన్ని అమ్మే, తాకట్టు పెట్టే, అప్పు తెచ్చే అధికారం అందులో లేదని స్పష్టంగా రాయాలి. విదేశంలో సంతకం చేసిన పత్రం భారతదేశానికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు డ్యూటీ చెల్లించాలని స్టాంపు చట్టంలోని 18వ సెక్షన్ చెబుతోంది.

వివాదాల క్లాజులో, తగాదాపై తీర్పు చెప్పే మధ్యవర్తిని (ఆర్బిట్రేటరును) మేనేజరు సంస్థే నియమిస్తుందని ఉంటే ఒప్పుకోకండి. ఫలితంపై ఆసక్తి ఉన్నవారు ఏకైక మధ్యవర్తిని ఏకపక్షంగా నియమించరాదని సుప్రీంకోర్టు 2019లో పెర్కిన్స్ ఈస్ట్‌మన్ కేసులో స్పష్టం చేసింది. సొంతంగా ఉండడానికి ఇల్లు కట్టించుకునేవారికి 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద వినియోగదారుల కమిషనుకు ఫిర్యాదు చేసే దారి కూడా ఉంది, అయితే ఫిర్యాదుకు కారణం ఏర్పడిన రెండేళ్లలో వెళ్లాలి.

చివరగా, విడిపోయే షరతులు. బాకీ ఉన్న ఫీజు అందేదాకా యజమాని కాగితాలను తన దగ్గరే ఉంచుకునే హక్కు ఏజెంటుకు కాంట్రాక్టు చట్టంలోని 221వ సెక్షన్ ఇస్తుంది, అలా కాదని ఒప్పందంలో రాసుకుంటే తప్ప. డ్రాయింగులు, కొలతల పుస్తకం, పరీక్షల నివేదికలు, అనుమతి పత్రాలు నోటీసు తరువాత ఏడు రోజుల్లో అప్పగించాలని, ఫీజు తగాదాకు దానితో ముడిపెట్టరాదని రాయడం అందుకే అవసరం. తొలగింపు సంగతి మూడో వ్యక్తులకు తెలిసేవరకు వారి విషయంలో ఏజెంటు అధికారం కొనసాగుతుందని అదే చట్టంలోని 208వ సెక్షన్ చెబుతున్నందున, మేనేజరుకు నోటీసు పంపిన రోజే కాంట్రాక్టరుకు, డీలర్లకు, ఆర్కిటెక్టుకు, బ్యాంకుకు కూడా రాతపూర్వకంగా తెలియజేసి, అందినట్టు రసీదు తీసుకోవాలి.