పేర్లు పోకుండ

ఆదివారం, నల్లగొండ

మా జిల్లాల మాటలను స్పెల్‌చెక్‌లోకి చేర్చే మా పదాల ప్రాజెక్టు ఇవాళ సబ్‌వర్షన్ నుంచి గిట్‌లోకి వచ్చింది. రెండూ ఫైళ్లలో ఎవరు ఎప్పుడు ఏం మార్చిన్రో గుర్తుంచే సాఫ్ట్‌వేర్లే, అది పాతది, ఇది కొత్తది. ఉత్త ఫైళ్లు కాదు. మొదటి కమిట్ (ఒకసారి ఎక్కించిన మార్పు) కాడి నుంచి నిన్నటి కమిట్ దాక, ఎవరు ఏ రోజు ఏ మాట చేర్చిన్రో అంతా వచ్చింది. మరిచిపోకముందే రాసిపెట్టుకుందామని కూర్చున్న.

ఇన్నేండ్లు పైస తీసుకోకుండ మాకు జాగ ఇచ్చినవాళ్లు నెలాఖరుకు పాత సర్వర్ ఆపేస్తున్నమని ముందుగానే చెప్పిన్రు. చెప్పకున్నా మేం జరగవలసిందే. సాయం చేస్తమని కొత్తగ వచ్చే పిల్లలకు సబ్‌వర్షన్ అంటేనే తెలుస్తలేదు. 2004లో దాని 1.0 వర్షన్ వచ్చినప్పుడు, అంతకు ముందు అదే పనికి వాడిన సీవీఎస్‌తోని వేగలేక ఉన్నవాళ్లకు పెద్ద ఊరట. 2005లో గిట్ పుట్టినంక మెల్లమెల్లగ అందరూ అటు జరిగిన్రు. పెద్ద పెద్ద ప్రాజెక్టులు కూడ జరిగినయి: లైనక్స్ డెస్క్‌టాప్ గ్నోమ్ 2009లో, ప్రోగ్రాములు తయారుచేసే కంపైలర్లు ఎల్ఎల్‌వీఎం 2019లో, జీసీసీ 2020 జనవరిలో. వాటి ముందట మాదెంత? మాటలుండే ఒక డిక్ ఫైలు, వాటికి ప్రత్యయాలు తగిలే నియమాలుండే ఒక ఆఫ్ ఫైలు, జిల్లాల వారీగ మాటల జాబితాలు, వాటిని కలిపే చిన్న పైథాన్ స్క్రిప్టులు. లిబ్రె ఆఫీసులోనో ఫైర్‌ఫాక్సులోనో ఎవరన్నా తొవ్వ, కైకిలి, దూప, పైలం అని రాస్తే స్పెల్లింగ్ చూసే హన్‌స్పెల్ వాటి కింద ఎర్రగీత గీయొద్దు. మా పని అంతే. గని ఆ పని కోసం ఎంతమంది ఎన్ని రాత్రులు కూర్చున్నరో నాకు తెలుసు.

పొద్దుగాలనే హాలియా తమ్ముడు ఫోన్ చేసిండు. నా దగ్గర డిగ్రీ చదివిన పిలగాడు, ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం, ఆదివారమని ఇంటికొచ్చిండు.

"అన్నా, చివరి కాపీ ఒక్కటి తీసుకొని, గిట్ ఇనిట్ కొట్టి, ఫస్ట్ కమిట్ అని పెట్టేస్తే చాయ తాగేలోపల అయిపోతది. పాతదంతా ఎందుకు? లైనస్ కూడ లైనక్స్‌కు గట్లనే చేసిండు గద."

చేసిన మాట నిజమే. 2005 ఏప్రిల్‌లో లైనక్స్ కెర్నల్‌ను గిట్‌లోకి తెచ్చినప్పుడు, లైనక్స్‌నూ గిట్‌నూ పుట్టించిన లైనస్ టోర్వాల్డ్స్ అప్పటి వర్షన్ 2.6.12-ఆర్‌సీ2 నుంచే మొదలుపెట్టిండు. చరిత్ర చేతిలో ఉన్నా తెస్తలేనని ఆ మొదటి కమిట్ సందేశంలోనే చెప్పుకున్నడు. తెస్తే 3.2 జీబీ అయితదని, కావాలంటే తర్వాత వేరేగ చేసుకోవచ్చని కూడ అండ్లనే ఉన్నది. అప్పుడు ఆయన తిప్పలు వేరు. అంతకు ముందు కెర్నల్ పనికి వాడిన బిట్‌కీపర్ ఉచితంగ వాడుకునుడు బందయింది, గిట్ ఇంకా అప్పుడే పుట్టింది, ప్రపంచమంతటి నుంచి వచ్చే ప్యాచ్‌లు (మార్పులు) ఆగకుండ చూసుకోవాలె. కెర్నల్‌కు దిక్కులున్నయి కాబట్టి ఆ పాత చరిత్రను తర్వాత వేరేవాళ్లు గిట్‌లోకి తెచ్చిన్రు. మనకు 'తర్వాత' ఎవరు చేస్తరు? సర్వర్ ఆగినంక ఎక్కడి నుంచి తెస్తరు? మాది మొత్తం చరిత్ర కలిపినా ఒక పెండ్లి ఫోటోల ఫోల్డరంత కాదు.

తమ్మునికి ఇదంతా చెప్పి, ఇంకో మాట కూడ చెప్పిన. ఈ పనిలో ఎవ్వరికీ జీతం లేదు, సన్మానం లేదు, సర్టిఫికెట్ లేదు. ఫలానా మాట తెచ్చింది ఫలానా మనిషి అని లాగ్‌లో (కమిట్ల చిట్టాలో) ఉండే ఒక్క వరుసనే వాళ్లకు ముట్టింది. 'ఫస్ట్ కమిట్' అని నేను నా పేరు మీద కొడితే, రేపటి నుంచి ఏ వరుస ఎవరు రాసిన్రో చూపే గిట్ బ్లేమ్‌లో ప్రతి మాట పక్కన నా పేరు కనబడతది. వాళ్ల కష్టం నా ఖాతాలో పడ్డట్టే.

"నీ మొదటి కమిట్ ఇంటర్ల ఉన్నప్పుడు కొట్టినవు. అదెక్కడికి పోవాలె?" అన్న.

జరసేపు ఏమనలేదు. "సరే అన్నా, ట్రంక్ సంగతి నేను చూస్త" అన్నడు.

ట్రంక్ సంగతి అంటే, మొదట్లో మావాళ్లు సబ్‌వర్షన్ ఆనవాయితీ ప్రకారం ట్రంక్ (అసలు పని ఉండేది), బ్రాంచెస్, ట్యాగ్స్ అని ఫోల్డర్లు పెట్టుకోలేదు. ఫైళ్లన్నీ అన్నిటికన్న పై ఫోల్డర్ రూట్‌లోనే ఉండేవి. చాన్నాళ్లకు ట్రంక్ చేసి, ఒక్కొక్క ఫైలును అండ్లకు జరిపిన్రు. సబ్‌వర్షన్ నుంచి గిట్‌లోకి దింపే గిట్ ఎస్‌వీఎన్‌కు స్టాండర్డ్ లేఅవుట్ అని చెప్తే అది ట్రంక్ కాడి నుంచే చదువుతది. ఫోల్డర్‌కు ఫోల్డర్ కాపీ అయి ఉంటే వెనుకకు పోయి జాడ పట్టుకుంటది గని, ఫైళ్లు విడివిడిగ జరిగితే పట్టుకోలేదు. అంటే అందరికన్న ముందు, ఎవ్వరూ లేనప్పుడు పనిచేసినోళ్ల పేర్లే రాలిపోతయి. తమ్ముడు దీన్ని రెండు ముక్కలుగ దింపిండు. రూట్ నుంచి ట్రంక్ పుట్టేదాక ఒకటి, ట్రంక్ నుంచి ఇప్పటిదాక ఇంకొకటి. రెండోదాని మొదటి కమిట్‌కు తండ్రి మొదటిదాని ఆఖరు కమిట్ అని గిట్ రీప్లేస్‌తోని అతికిచ్చిండు. స్క్రీన్ షేర్ చేసి గిట్ లాగ్ కొట్టి చూపిస్తే ఎక్కడా తెగకుండ అడుగుదాక పోయింది. ఉద్యోగంలో ఎంత పెద్ద పనులు చేస్తడో గని, నా కండ్లకు ఇదే పెద్దగ కనబడ్డది.

అది నమూనా దింపుడు. అసలు దింపుడు ఆథర్స్ ఫైలు పూర్తయితేనే. ఆ ఫైలు నా వంతు.

సబ్‌వర్షన్‌లో కమిట్‌కు యూజర్‌నేమ్ ఒక్కటే ఉంటది. గిట్‌కు పేరు, మెయిలు రెండూ కావాలె. అందుకని ఈ యూజర్ అంటే ఈ మనిషి అని వరుసకొకటి రాసి ఇయ్యాలె. ఒక్క పేరు తక్కువైనా గిట్ ఎస్‌వీఎన్ ఆ కమిట్ కాడ ఆగిపోతది. ఆగుడే మంచిది, ఎవరినో ఒకరిని అనుకొని ముందుకు పోకుండ. పేర్లన్నీ తెలుగు లిపిలోనే రాసిన, గిట్ ఒప్పుకుంటది. చాలామందివి వారం నుంచి ఒక్కొక్కటిగ అడిగి పెట్టుకున్న. ఇవాళ మిగిలినయి కొన్నే, గని చిక్కంతా వాటితోనే.

మహబూబ్‌నగర్ అక్కకు ఫోన్ చేస్తే, "నా పేరు పెట్టు తమ్మీ, మెయిల్ మాత్రం వద్దు. ఒకపారి నలుగుట్ల పడ్డదంటే మల్ల తీయనీకె రాదు" అన్నది. పాలమూరు మాటలు సగానికి సగం అక్కవే. అన్నది కూడ సరైన మాట. మెయిలు ఉండే జాగ ఖాళీగ ఉంచినా నడుస్తది, అట్లనే ఉంచిన. ఇంకొక యూజర్‌నేమ్ మాత్రం ఎవ్వరిదో తేలలేదు. రెండక్షరాలు. ఇద్దరు ముగ్గురిని అడిగినా గుర్తుపట్టలే. ఊహించి ఎవరి పేరో తగిలించుడు నాకు మనసొప్పలేదు, ఆ రెండక్షరాలే పేరుగ పెట్టిన. రేపెప్పుడన్నా తెలిస్తే మెయిల్‌మ్యాప్ ఫైలులో ఒక వరుస చేర్చొచ్చు. కమిట్ అట్లనే ఉంటది, లాగ్‌లో అసలు పేరు కనబడతది.

మరి అన్నీ మెయిల్‌మ్యాప్‌తోనే సరిచేసుకోవచ్చు గద అనొచ్చు. అది చూపెట్టేటప్పుడు మార్చుడే. కమిట్ లోపల ఏముందో అదే ఉంటది, అక్క మెయిలు ఒక్కసారి లోపలికి పోయిందంటే మెయిల్‌మ్యాప్ దాన్ని దాచలేదు. గిట్‌లో ప్రతి కమిట్‌కు 40 అంకెలు అక్షరాల గుర్తు ఒకటి ఉంటది. దాన్ని ఫైళ్లు, తేదీ, పేరు, సందేశం, ముందటి కమిట్ గుర్తు అన్నీ కలిపి లెక్కగడతది. మొదట్లో ఒక్క పేరు మార్చినా దాని తర్వాతి గుర్తులన్నీ మారిపోతయి. నలుగురు క్లోన్ చేసుకున్నంక ఆ పని పెట్టుకుంటే అందరి కాపీలు ఒకదానికొకటి కలువవు. కాబట్టి పేర్ల పంచాయితి తెగాల్సింది బయటపెట్టకముందే, అంటే ఇవాళనే.

అందుకే సారుకు కూడ ఇవాళనే ఫోన్ చేయవలసి వచ్చింది.

సారు దేవరకొండ దిక్కు బడిలో తెలుగు చెప్పి రిటైరైండు. కంప్యూటర్ ముట్టడు. నోటుపుస్తకంలో గుండ్రటి దస్తూరీతోని మాటలు రాసి ఇచ్చేది, మా పిలగాడొకరు టైపు చేసి ఎక్కించేది. లాగ్‌లో 'సారు ఇచ్చిన ఎవుసం మాటలు: నాగలి, కాడి, మేడితోక, గొర్రు, గుంటుక, దంతె' అని సందేశం ఉంటది, పక్కన పేరు మాత్రం టైపు చేసినాయనది. సబ్‌వర్షన్‌లో ఇంకో పేరుకు జాగ లేదు. గిట్‌లో ఉన్నది. ఆథర్ వేరు, కమిటర్ వేరు. ఎందుకంటే గిట్ పుట్టింది ప్యాచ్ రాసేటోళ్లు ఒకరు, దాన్ని ఎక్కించేటోళ్లు ఇంకొకరు ఉండే పనిలో.

ఇట్ల పాత చరిత్రలో ఆథర్ పేరు మార్చుడు న్యాయమేనా అని నాకు ముందు గుంజాటన ఉండె. జరిగింది జరిగినట్టు తేవాలె అని పొద్దటి నుంచి చెప్తున్నది నేనే గద. గని జీసీసీ వాళ్లు ఇదే చేసిన్రు. ఎరిక్ రేమండ్ రాసిన రిపోసర్జన్ అనే సాధనంతోని గిట్‌కు మార్చేటప్పుడు, మార్పుల వివరం రాసుకునే ఛేంజ్‌లాగ్ ఫైళ్లలో ఉన్న పేర్లను పట్టుకొని ప్యాచ్ అసలు రాసినోళ్లను ఆథర్లుగ పెట్టిన్రు. మాకు కూడ సందేశంలోనే సాక్ష్యం ఉన్నది. సందేశంలో సారు పేరున్న కమిట్లకే మార్చాలె, లేనియి ముట్టొద్దు అనుకున్నం.

"నమస్తే సార్. మన పదాల పని కొత్త జాగకు మారుస్తున్నం. మీరిచ్చిన మాటల మీద మీ పేరే పెడ్దామని."

"టైపు కొట్టింది ఆ పిలగాడు గదనయ్యా. వాని పేరు కొట్టేస్తరా?"

"కొట్టేయం సార్. ఇచ్చింది మీరు, ఎక్కించింది అతను. రెండు పేర్లూ ఉంటయి."

"అట్లయితె పెట్టుండ్రి. మోట మీది మాటలన్ని మా పెద్దనాయిన చెప్పినయి, అది ఏడనన్న రాస్తరా?"

కమిట్‌లో దానికి జాగ లేదు గని, జాబితా ఉన్న ఫోల్డర్‌లో రీడ్‌మీ ఫైలు ఉన్నది. అండ్ల రాస్త సార్ అని మాటిచ్చిన, ఫోన్ పెట్టంగనే రాసిన. టైపు చేసిన పిలగాడు బెంగళూరులో ఉన్నడు. అతన్ని కూడ అడిగిన. "ఎప్పుడో చేయాల్సిన పని అన్నా" అన్నడు.

ఇగ అసలు దింపుడు షురూ చేసిన. గిట్ ఎస్‌వీఎన్ ఒక్కొక్క రివిజన్‌ను విడిగ అడిగి తెస్తది కాబట్టి నిదానం. అది నడుస్తుంటే ప్రకాశం బజార్ పోయి కూరగాయలు తెచ్చిన. అమ్మ అనపకాయలు ఒలుస్తుంటే కాసేపు కూర్చొని ఒలిచిన. తిని వచ్చి చూస్తే ఇంకా నడుస్తనే ఉన్నది.

దింపేటప్పుడు రెండు సంగతులు పట్టుబట్టి పెట్టిచ్చిన. ఒకటి లోకల్‌టైమ్. సబ్‌వర్షన్ సమయాన్ని యూటీసీలో (మన టైముకు అయిదున్నర గంటలు వెనుక) దాస్తది, గిట్ ఎస్‌వీఎన్ కూడ ఊరికే ఉంటే అట్లనే తెస్తది. అప్పుడు అక్క రాత్రి పదకొండు గంటలకు కొట్టిన కమిట్ సాయంత్రం అయిదున్నర అని కనబడతది. అక్క ఇంట్ల పనులన్ని ఒడిసినంక, పిల్లలు పండుకున్నంక కూర్చునేది. అది పదకొండు అనే ఉండాలె. రెండోది, ప్రతి సందేశం కింద వచ్చే పాత రివిజన్ నంబరు వరుస. చూడనీకె బాగుండదని తీసేసేటోళ్లు ఎక్కువ. మా పాత సందేశాల్లో మాత్రం 'ఆ రివిజన్‌ల తప్పు సరిచేసిన' అని నంబర్లతోని రాసుకున్నయి మస్తున్నయి. ఆ వరుస ఉంటేనే ఏ నంబరు ఏ కమిటో దొరుకుతది.

దింపినంక ఫైళ్ల పేర్లు చూద్దామని గిట్ ఎల్ఎస్-ఫైల్స్ కొడితే 'పాలమూరు' అనే ఫోల్డర్ పేరు \340\260\252 అని మొదలై బారెడు అంకెలు వచ్చినయి. మొదటిసారి చూసినోళ్లు ఫైలు చెడిపోయిందనే అనుకుంటరు. ఏం చెడలేదు. 'ప' అక్షరం యూటీఎఫ్-8లో మూడు బైట్లు, వాటిని గిట్ అట్ల అంకెల్లో చూపెడతది. కోర్ డాట్ కోట్‌పాత్ అనే సెట్టింగును ఫాల్స్ అని పెడితే తెలుగు తెలుగులనే కనబడ్డది. ఈ ముక్క తెలుగులో రాసి అందరికీ పంపాలె.

గద్వాల ఫోల్డర్ మాత్రం రాలేదు. అక్కడి మాటలు వచ్చినప్పుడు పెడదామని ఖాళీగ చేసి ఉంచింది, గిట్ ఖాళీ ఫోల్డర్‌ను లెక్కలోకి తీసుకోదు. 'ఇక్కడ గద్వాల మాటలు రావాలె, తెలిసినవాళ్లు పంపండి' అని ఒక ఫైలు రాసి అండ్ల పెట్టిన.

సాయంత్రం తమ్ముడు అసలు దాని మీద మళ్ల అతికిచ్చి, ఆథర్‌గ సారు పేరు పెట్టే నాలుగు వరుసల కోడ్ కలిపి, చరిత్రను తిరగరాసే గిట్ ఫిల్టర్ రెపో నడిపిండు. అతుకు, పేర్లు ఒకేసారి గట్టిపడ్డయి. పాత సర్వర్ నుంచి ఎక్స్‌పోర్ట్ చేసిన ఫోల్డర్‌ను, గిట్‌లో చెక్అవుట్ చేసిన ఫోల్డర్‌ను డిఫ్‌తోని పోల్చినం. గిట్ఇగ్నోర్, నేను రాసిన ఫైళ్లు తప్ప ఎక్కడా అక్షరం తేడా లేదు. అయినా ఎస్‌వీఎన్‌ఆర్‌డంప్‌తోని పాత రిపాజిటరీ మొత్తం దించి, ఒక కాపీ నా దగ్గర, ఒక కాపీ తమ్ముని దగ్గర పెట్టుకున్నం. దీపాలు పెట్టే యాళ్లకు కొత్త జాగకు పుష్ కొట్టినం. అక్క మహబూబ్‌నగర్‌లో క్లోన్ చేసి, "వచ్చింది తమ్మీ, నా పదకొండు గంటలు కూడ వచ్చినయి" అని మెసేజ్ పెట్టింది.

సారు ఫోన్ పెట్టే ముందట ఇంకో నోటుపుస్తకం నిండిందని చెప్పిండు. కుమ్మరోళ్ల మాటలట, ఆవం కాడ కూర్చొని రాసుకున్నడట. వచ్చే ఆదివారం దేవరకొండ బస్సెక్కాలె. టైపు నేనే చేస్త, కమిట్ కొట్టేటప్పుడే ఆథర్ అని సారు పేరు పెడత.